స్నానం చేయించి తెచ్చిన పాప

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని ఫోన్లలో రికార్డింగు పెట్టుకుని కూర్చున్నారు. అరుదైన జబ్బేదో చెబుతాననుకున్నారు పాపం. నేను "నులిపురుగు" అన్నాను. ఒకమ్మాయి నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

ఆ రోజు వాళ్ళకు సగమే చెప్పాను. పరీక్ష ఎలా చేయాలో చెప్పాను. నేను ఎలా చేశానో చెప్పలేదు. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. నాన్న వారమంతా బడిపంతులు, ఆదివారం సండేస్కూలు పంతులు. నేను తార్నాక వైపున్న ఒక యూనివర్సిటీ ప్రాంగణంలో, చిన్న ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. ల్యాబ్ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, నీళ్ళు వస్తే వచ్చే ఒక సింకు. హాస్టలు పిల్లల డెంగీ, టైఫాయిడ్, ప్రొఫెసర్ల షుగర్, ఇదే నా రోజు. ఆదివారం లాలాగూడలో మా సంఘం. అక్కడ నేను సంఘపెద్దను. ఆరాధనలో వాక్యం చదివేది నేనే. సండేస్కూలు పిల్లలకు పది ఆజ్ఞలు వేళ్ళ మీద లెక్కపెట్టించి నేర్పేవాణ్ణి. కుడిచేతి బొటనవేలి నుంచి మొదలుపెడితే, ఎడమచేతి ఉంగరపు వేలి దగ్గర అబద్ధసాక్ష్యం వస్తుంది. ఎంత చిన్నపిల్లలైనా ఆ వేలు మర్చిపోయేవాళ్ళు కాదు.

నా దగ్గర ఒక రబ్బరు స్టాంపు ఉండేది. కోఠీలో సొంతంగా చేయించుకున్నాను. మల పరీక్షలో పురుగుల గుడ్లు గానీ, క్రిముల సిస్టులు గానీ కనబడలేదు అని ఇంగ్లీషులో దాని మీద ఉంటుంది. నూటికి తొంభై రిపోర్టులు అవే కదా, ప్రతిసారీ రాయడం దేనికని. మా డాక్టరమ్మ దాన్ని చూసి నవ్వేది. "పెద్దాయనా, మీరు స్లైడు చూడకముందే స్టాంపు ఇంకు ప్యాడ్ మీద రెడీగా ఉంటుంది" అనేది. నేనూ నవ్వేవాణ్ణి.

ప్రాంగణంలో ఉద్యోగుల భార్యలు, ఉద్యోగినులు కలిసి నడుపుకునే చిన్న క్రెష్ ఒకటి ఉండేది. పదిహేను మంది దాకా పిల్లలు. వాళ్ళను చూసుకునే ఆయా మా సంఘం మనిషే. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఒక గదిలో ఉండేది. భర్త వర్క్‌షాపులో పనిచేసి చనిపోయాడు. పిల్లల్లేరు. చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కన కూర్చునేది. క్రెష్‌లో ఆమెకు ఒక అలవాటు ఉంది. పిల్లలు కొళాయి తిప్పి నీళ్ళతో ఆడుతున్నారని, చెంబు పట్టుకుని ఒక్కొక్కరి చేతుల మీద తనే నీళ్ళు పోసేది. "ఇటు బొమ్మ, అటు బొరుసు" అనగానే పిల్లలు చేతులు తిప్పాలి. అలా చేతులు కడగకుండా ఒక్క పిల్ల నోట్లో కూడా బిస్కెట్టు పెట్టనిచ్చేది కాదు. దారిన పోతూ ఆ వరస చూసి ఎన్నిసార్లు నిలబడ్డానో.

ఆ క్రెష్‌లో మూడేళ్ళ పాప ఒకతి. తల్లి సైన్సు విభాగంలో అసిస్టెంటు ప్రొఫెసరు. నల్లగొండ వైపు రైతుబిడ్డ. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఒకరోజు ఆమెకు పొద్దున్నే పరీక్షల డ్యూటీ పడింది. నిద్రపోతున్న పాపను అలాగే ఎత్తుకొచ్చి క్రెష్‌లో పడుకోబెట్టి వెళ్ళింది. పాప లేచాక ఆయా బట్టలు మార్చింది. సాయంత్రం తల్లి రాగానే పక్కకు పిలిచి చెప్పింది.

"అమ్మా, పాపకు నట్టలున్నట్టున్నయ్. పొద్దుగాల చడ్డీ మార్చేటప్పుడు చూసిన. తెల్లగ దారం ముక్క లెక్క కదిలింది. జర డాక్టరమ్మకు చూపియ్యి."

అక్కడ ఇంకో ఇద్దరు తల్లులు నిలబడి ఉన్నారు. పక్కకు పిలిచినా వినబడే దూరమే.

"మా ఇంట్ల నట్టలా?" అందట ఆ తల్లి. "రోజుకు రెండుసార్లు స్నానం చేపిస్త నేను. ముందు నీ గోళ్ళు జూస్కో."

ఈ మాటలు నాకు తర్వాత రెండువైపుల నుంచీ తెలిశాయి. తల్లి కోపానికి వెనక ఏముందో కూడా చాలా తర్వాత తెలిసింది. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆమె తలలో పేలున్నాయని గదిలో మిగతా అమ్మాయిలు మంచం జరుపుకున్నారట. అందుకే శుభ్రం అనే మాట వస్తే ఆమెకు చురుక్కుమనేది.

వారం తిరిగేసరికి ఇంకోటి జరిగింది. పాపకు రాత్రిళ్ళు నిద్ర లేదు, ఏడుపు. పిరుదుల మీద ఎర్రగా గీతలు, గిల్లిన గుర్తుల్లా. తల్లి పాపను అడిగింది, "ఆయమ్మ గిల్లిందా?" పాప తలూపింది. మూడేళ్ళ పిల్ల. చందమామ గిల్లిందా అన్నా తలూపుతుంది. కానీ తల్లికి అప్పటికే ఒక మాట గుచ్చుకుని ఉంది. తను చేసిన పని కప్పిపుచ్చుకోవడానికే ఆయా ముందుగా పురుగుల కథ చెప్పిందని అనుకుంది. అది తేల్చుకోవడానికి పాపను మా దగ్గరికి తెచ్చింది.

వచ్చేటప్పటికి పదకొండు. పాప తలంటుపోసుకుని ఉంది. ఉతికిన గౌను, ఒళ్ళంతా పౌడరు, బుగ్గన చుక్క. డాక్టరు దగ్గరికి పిల్లను మురికిగా తీసుకెళ్తే ఏమనుకుంటారని మనవాళ్ళందరికీ భయం. దేవుని మందిరానికి తెచ్చినట్టు తెస్తారు. నేను పాప గడ్డం పట్టుకుని, "ఎంత ముద్దుగా తెచ్చారమ్మా బిడ్డను" అన్నాను. తల్లి ముఖం విప్పారింది.

"చెప్పండి సర్, గిట్ల ఉంచుకునే పిల్లకు నట్టలెట్ల ఉంటయ్?"

డాక్టరమ్మ చీటీలో 'పురుగులేమో చూడండి' అని మాత్రం రాసింది. తల్లి చిన్న డబ్బాలో మలం కూడా తెచ్చింది.

ఇప్పుడు ఇంటికొచ్చిన ల్యాబ్ పిల్లలకు చెప్పిన పాఠం మీకూ చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. ఈ పురుగు గుడ్లు మలంలో దొరకవు. దొరికితే అది అదృష్టం. ఆడపురుగు రాత్రి పిల్ల నిద్రపోయాక బయటికి వచ్చి, మలద్వారం చుట్టూ చర్మానికి గుడ్లు అంటించి పోతుంది. దురదకు పిల్ల నిద్రలోనే గోళ్ళతో రక్కుకుంటుంది. ఆ గుడ్లు కావాలంటే పొద్దున లేవగానే, దొడ్డికి వెళ్ళకముందు, స్నానం చేయకముందు, పారదర్శకమైన టేపు ముక్క అక్కడ అద్ది, తీసి గాజు స్లైడు మీద అంటించి చూడాలి. ఒకరోజు దొరక్కపోతే మూడు రోజులు చూడాలి. ఇంతే. పెద్ద విద్యేమీ కాదు. స్నానం చేయించారంటే సాక్ష్యం మోరీలో పోయినట్టే.

ఇదంతా నాకు ఆ రోజు తెలియదా? తెలుసు. "రేపు పొద్దున స్నానం చేయించకుండా తీసుకురండమ్మా" అనే మాట నోటిదాకా వచ్చింది. ఎందుకు ఆగిందో చాలాసార్లు ఆలోచించాను. బయట బెంచీ మీద పదిమంది ఉన్నారు, అదొకటి. ఎంత శుభ్రంగా తెచ్చారని మెచ్చుకున్న నోటితోనే మురికిగా తెమ్మని ఎలా చెప్పడం, అదొకటి. అన్నిటికంటే నాకూ ఆ తల్లి మాటే సబబుగా తోచింది. ఇంత శుభ్రమైన బిడ్డకు పురుగులేమిటి? ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపులో చూసినవాణ్ణి, ఆ పూట కళ్ళతో చూసి తీర్పు చెప్పాను.

మలం స్లైడు చూశాను. ఏమీ లేదు. స్టాంపు వేశాను. సంతకం పెట్టాను.

ఆమె ఆ రిపోర్టును గుమ్మం దాటకముందే ఫోన్లో ఫోటో తీసింది. క్రెష్ తల్లుల వాట్సాప్ గుంపులో పెట్టింది. 'పురుగులు లేవు. మరి గాట్లు ఎక్కడివి?' అని కింద ఒక్క వాక్యం. ఆ ఫోటోలో నా సంతకం చాలా స్పష్టంగా పడిందని తర్వాత ఎవరో చూపించారు.

మర్నాడు ఆయా ల్యాబ్‌కు వచ్చింది. గుమ్మం అవతలే నిలబడింది.

"అన్నా, నన్ను రావొద్దంటున్నరు. సోమవారం కూసొని మాట్లాడి తేలుస్తరంట. నేను గిల్లిన్నంట. పాపను నేను గిల్లుతనా అన్నా?"

"నేను అలా రాయలేదమ్మా. పురుగు కనబడలేదని రాశాను, అంతే."

"కనబడలే అంటే లేదన్నట్టే గద వాళ్ళకు. నేను నా కండ్లతోని చూసిన. పొద్దుగాల లేవంగనే చూడున్రి అన్నా, స్నానం గాకముందు. గప్పుడైతే కనబడ్తది."

నాలుగో తరగతి చదివిన మనిషి. టేపు సంగతి తెలియదు, పుస్తకం సంగతి తెలియదు. కానీ పరీక్ష ఎప్పుడు చేయాలో సరిగ్గా చెప్పింది. నేను చెప్పాల్సిన మాట తను చెప్పింది.

నేనేమన్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ రాస్తాను. "డాక్టరుగారు రాయనిదే నేను పరీక్షలు చేయకూడదమ్మా" అన్నాను. పైగా, "ప్రార్థన చేసుకో, దేవుడు న్యాయం చేస్తాడు" అన్నాను.

"ప్రార్థన చేస్తనే ఉన్న అన్నా," అంది. "దేవుడే నీ దగ్గరికి పొమ్మన్నడేమో అనుకున్న."

సోమవారం ఆమెను తీసేశారు. పోలీసుల దాకా పోకుండా వదిలిపెడుతున్నామని, అదే తమ మంచితనమని చెప్పి పంపించారు. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో తలుపు పక్క చోటు ఖాళీగా ఉంది. మాట అప్పటికే లాలాగూడ చేరిందన్నమాట. నేను వాక్యం చదివాను. గొంతు బాగానే పలికింది.

నెలన్నర గడిచింది. ఒక పొద్దున ఆరోగ్య కేంద్రం ఇంకా తెరుస్తుండగానే సెక్యూరిటీ గార్డు ఒకతను కొడుకును భుజాన వేసుకుని వచ్చాడు. వాడూ క్రెష్ పిల్లవాడే. రాత్రంతా గోకుతున్నాడట. "సార్, నల్లా రాలే. పోరనికి మొకం గూడ కడగలే, ఏమనుకోకున్రి" అన్నాడు సిగ్గుపడుతూ. అంతకంటే మంచి సమయం ఏముంది? డాక్టరమ్మ చీటీ కోసం ఆగకుండా టేపు అద్ది చూశాను. గుడ్లు. ఒక పక్క చదునుగా, ఒక పక్క ఉబ్బుగా, గాజుపెంకుల్లా మెరుస్తూ, లెక్కలేనన్ని. చీటీ లేకుండా పరీక్ష చేయకూడదన్న నా నియమం ఆ పొద్దున నాకు గుర్తుకే రాలేదు.

డాక్టరమ్మ వెంటనే క్రెష్ పిల్లలందరికీ పరీక్ష పెట్టించింది. టేపు ముక్కలు, స్లైడ్లు ఇళ్ళకు పంపి, పొద్దున లేవగానే ఎలా తీయాలో తల్లులకు నేనే చెప్పాను. స్నానం చేయించకూడదని మూడుసార్లు చెప్పాను. పిల్లల్లో సగం మందికి పైగా ఉన్నాయి. ఆ పాప స్లైడు రెండుసార్లు పెట్టి చూశాను. అన్ని స్లైడ్లలోకీ ఎక్కువ గుడ్లు దాని మీదే. ఆ పురుగులు ఆ ఒంట్లో చాలాకాలంగా కాపురం ఉంటున్నాయన్నమాట.

అందరికీ మాత్రలు, రెండు వారాలకు మళ్ళీ మాత్రలు, ఇంటిల్లిపాదికీ. తర్వాత క్రెష్‌లో సమావేశం పెట్టి మమ్మల్ని పిలిచారు. వెళ్ళే దారిలో డాక్టరమ్మ మెల్లగా అంది, "పెద్దాయనా, పాత రిపోర్టు సంగతి మీరెత్తకండి. ఎవరైనా అడిగితే మీ ఇష్టం. తప్పు నాది కూడా. నేనూ టేపు అని రాయాల్సింది." నాకు రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలు. ఒక్క రిపోర్టు తప్పుపోని మనిషి అని వీడ్కోలు సభకు అప్పుడే మాటలు కూర్చుకుంటున్నారు.

క్రెష్‌లో పిల్లల కుర్చీలే ఉన్నాయి, ఎర్రవి, పచ్చవి. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళందరం మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా వాటిలో కూర్చున్నాం. గోడ మీద పాత ఆయా చెంబు మేకుకు వేలాడుతోంది. డాక్టరమ్మ గోళ్ళు కత్తిరించడం, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకడం చెప్పింది. అంతా అయ్యాక ఆ పాప తల్లి లేచింది. చిన్న కుర్చీ కావడంతో లేవడానికి తడబడింది.

"సర్, ఒక మాట అడుగుత." నా వైపే చూసింది. "గప్పుడు గూడ ఉండెనా ఇవి? ఆ గాట్లు... పాప తనంతట తనే గోక్కుంటే గూడ అట్లయితయా?"

ఆమె నన్ను ఇరుకున పెట్టాలని అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు అప్పటికే అనుమానం వచ్చింది, నిద్రపోయి ఉండదు. నేను అవునంటే ఆ పూటే లాలాగూడ వెళ్ళి ఆయా చేతులు పట్టుకునేదని ఇప్పటికీ నా నమ్మకం. నిజం చెప్పడానికి నాకు తలుపు బార్లా తీసి పట్టుకుంది. నేను గడప దాటితే చాలు.

"అప్పుడు పరీక్షలో కనబడలేదమ్మా," అన్నాను. "ఇప్పుడు కనబడ్డాయి. మధ్యలో వచ్చి ఉండొచ్చు."

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"చూసిండ్రా," అంది క్రెష్ నడిపే తల్లుల కార్యదర్శి. "కొత్త ఆయా వచ్చినంకనే వచ్చినయ్. ఈమె శుభ్రత ఏం బాగలేదు." మూల నిలబడ్డ కొత్త ఆయా, పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఏం జరుగుతోందో తెలియక తన గోళ్ళు చూసుకుంది. ఆ నెలాఖరుకు ఆమెనూ మార్చేశారు. ఒక్క స్టాంపుతో మొదలుపెట్టి ఇద్దరి ఉద్యోగాలు తినేశాను.

మొదటి తప్పును తొందరపాటు అనుకోవచ్చు. పనిచేసే ప్రతివాడికీ ఒకటి ఉంటుంది. ఇది అలాంటిది కాదు. దీనికి సండేస్కూల్లో నేర్పిన ఆ ఉంగరపు వేలు తప్ప ఇంకో పేరు లేదు. తెలిసి, నిదానంగా, గొంతు సవరించుకుని చెప్పాను.

వీడ్కోలు రోజున శాలువా కప్పారు. అనుకున్న మాటే అన్నారు, ఒక్క రిపోర్టు తప్పుపోలేదని. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ కొట్టలేదని నేను గమనించాను, నేను గమనించానని ఆమె గమనించింది.

రిటైరైన రెండో నెలలో ఆయా ఇంటికి వెళ్ళాను. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బట్టలతోనే. తను హబ్సిగూడలో రెండిళ్ళలో గిన్నెలు తోముతోందని విన్నాను. ఆ రోజు గదిలోనే ఉంది, బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి లేచి, ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసింది.

నేను మొత్తం చెప్పాను. స్నానం సంగతి, మలం పరీక్ష సంగతి, టేపు సంగతి, పాప స్లైడు మీద చూసిన గుడ్ల సంగతి, చిన్న కుర్చీలో కూర్చుని చెప్పిన అబద్ధం సంగతి. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు. ఒప్పుకోలు అంటే ఇదే అనుకున్నాను. చెబుతుంటే గుండె తేలికవుతున్నట్టు కూడా ఉంది.

ఆమె బియ్యం చాట పక్కన పెట్టి విన్నది.

"పాప ఇప్పుడు మంచిగ నిద్రపోతున్నదా?"

"పోతోందమ్మా."

"గీ మాట వాళ్ళకు చెప్పినవా అన్నా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?" అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అర్థం కాక అడిగినట్టుంది. "నాకు ఎరుకే గద."

ఆ తర్వాత వాళ్ళకూ చెప్పబోయాను. జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసి క్రెష్‌కు పట్టుకెళ్ళాను. అప్పటికి దాన్ని కాంట్రాక్టుకు ఇచ్చేశారు. కౌంటరులో కూర్చున్న అబ్బాయి ఉత్తరం చదవకుండానే 'అందింది' అని స్టాంపు వేసి నకలు నా చేతికిచ్చాడు. ఆ పాప తల్లి సెలవు పెట్టి వేరే ఊళ్ళో పరిశోధనకు వెళ్ళిందన్నారు. ఫోన్ నంబరు సంపాదించాను. ఇంకా చేయలేదు. 'ఇంకా' అనే మాట ఎన్ని నెలలు వాడుకోవచ్చో నాకు తెలియదు.

ఈ రాతలో ఎవరి పేరూ రాయలేదు. ఇలాంటి జ్ఞాపకాల్లో అది మర్యాద. కానీ ఆ ఆయా పేరు రాయకపోవడం మర్యాద కాదని, ఆమె పేరే కదా పోగొట్టింది నేనని, రాస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంది.

ఆయా గదిలో ఆ మధ్యాహ్నం సంగతి కొంచెం మిగిలింది. నేను లేవబోతుంటే "ఉండన్నా, చాయ్ తాగిపో" అంది. స్టవ్ మీద గిన్నె పెట్టి, రెండు బిస్కెట్లు పళ్ళెంలో వేసి, నా ముందు పెట్టబోయి ఆగింది. మూలనున్న చెంబు తీసుకుంది. గుమ్మం దగ్గరికి నడిచి నా వైపు చూసింది. ఏళ్ళ అలవాటు, మనిషిని చూసి మారేది కాదు. నేను లేచి వెళ్ళి చేతులు చాపాను. నీళ్ళు పోసింది. నేను చేతులు తిప్పడం మర్చిపోతే, "అటు దిక్కు గూడ" అంది. చేతులు తిప్పాను.

నిర్దోషి అని తెలిసీ ప్రభువును సిలువకు అప్పగిస్తూ, జనం ముందు నీళ్ళు తెప్పించుకుని, ఈ మనిషి విషయంలో నా తప్పేమీ లేదని చేతులు కడుక్కున్న అధిపతి సంగతి లేఖనంలో ఉంది. ప్రతి ఏడూ శ్రమల వారంలో నేనే చదివేవాణ్ణి. అతని చేతుల మీద నీళ్ళు పోసింది ఎవరో అక్కడ రాసి లేదు.

నా చేతుల మీద పోసింది ఎవరో నాకు తెలుసు.